విశాఖ నుంచి బారువ దాకా సముద్రం పక్కనే వెళ్ళడం కుదురుతుందా?

పావని_మియాపూర్
డిసెంబరు చివర్లో అమ్మానాన్నలు, ఏడేళ్ళ బాబుతో ఉత్తరాంధ్ర వస్తున్నాం. విశాఖ దాకా రైలు, అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుందామని. ఎవర్ని అడిగినా ఆర్కే బీచ్, కైలాసగిరి, అరకు అనే మూడు పేర్లే చెబుతున్నారు, అవి ఇంతకుముందే చూశాం. ఈసారి భీమిలి దాటి పైకి వెళ్ళి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తీరం చూసుకుంటూ బారువ దాకా పోవాలని ఉంది. మ్యాప్‌లో సముద్రం పక్కన సన్నటి రోడ్లు కనిపిస్తున్నాయి గానీ ఒకదానితో ఒకటి కలుస్తున్నట్టు లేవు. వీడియోలు పెట్టేవాళ్ళు డ్రోన్ షాట్లు, పాటలు పెడతారు తప్ప ఎక్కడ తినాలి, బాత్రూమ్ ఎక్కడుంది అన్నది ఒక్కరూ చెప్పరు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువగా ఎక్కలేరు. తిరిగినవాళ్ళు చెప్పండి.

రైలుబండి_రాజు
రెండు రోజులు చాలు. ఒక రోజు భీమిలి దాకా, రెండో రోజు అరసవల్లి, శ్రీకూర్మం, బారువ. రాత్రికి పలాసలో రైలెక్కేస్తే తెల్లారి సికింద్రాబాద్ దారిలో ఉంటారు.

సిక్కోలు_చిన్నోడు
రాజు గారూ, పెద్దవాళ్ళు, చిన్నపిల్లాడు ఉన్నారని ఆవిడ చెప్పారు కదండీ. ఒక్కరోజులో ఆ మూడూ అంటే కార్లోనే ఉంటారు. శ్రీకాకుళం నుంచి బారువ సుమారు 110 కిలోమీటర్లు. పైగా డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకే పొద్దు గూకిపోతుంది. ఆరింటికి బీచ్‌కి చేరి ఏం చూస్తారు?

టాక్సీ_మావయ్య
పావని గారూ, మీరు మ్యాప్‌లో చూసింది నిజమే. భీమిలి దాటాక సముద్రం పక్కనే ఏకబిగిన పోయే రోడ్డు లేదు. ఎందుకంటే వరసగా ఏళ్ళు అడ్డం వస్తాయి. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళం దాటాక కళ్ళేపల్లి వైపు నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ. ఇవన్నీ సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నెలు, బురద, ఉప్పునీటి మడుగులు. అక్కడ చాలాచోట్ల వంతెనలు లేవు, ఉన్నచోట కూడా ఊళ్ళ మీదుగా చుట్టు తిరిగి పోవాలి. అందుకని ఈ తీరం దువ్వెనలా ఉంటుందనుకోండి. పదహారో నంబర్ హైవే వెన్ను, దాన్నుంచి సముద్రం వైపు దిగే రోడ్లు పళ్ళు. ఒక పన్ను దిగి చూసి, మళ్ళీ హైవేకి వచ్చి, ఇంకో పన్ను దిగాలి. ఏ పళ్ళు దిగాలో ముందే అనుకుని రండి. అన్నీ దిగుదామనుకుంటే పెట్రోలు, ఓపిక రెండూ అయిపోతాయి.
మూడు పూర్తి రోజులు పెట్టుకోండి. ఒక రాత్రి విశాఖలోనో భీమిలిలోనో, రెండు రాత్రులు శ్రీకాకుళంలో. పలాసలో పడుకోవచ్చు గానీ ఫ్యామిలీకి శ్రీకాకుళమే సుఖం. కారు మాట్లాడుకునేటప్పుడు హైవే దిగి ఊళ్ళలోకి వెళ్తామని ముందే చెప్పండి, తర్వాత కిలోమీటర్ల దగ్గర గొడవ ఉండదు.

భీమిలి_వాసు
మావయ్య చెప్పింది కరెక్ట్. మొదటి రోజు సంగతి నేను చెబుతా, ఎందుకంటే విశాఖ భీమిలి మధ్య ముప్ఫై కిలోమీటర్లూ సముద్రం చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంటుంది. అందరూ గంటలో కొట్టేసి పోతారు, నాకు అదే బాధ.
పొద్దున్నే తొట్లకొండ. కారు కొండపైదాకా పోతుంది కాబట్టి మీ నాన్నగారికి ఇబ్బంది లేదు, పైన నేల చాలావరకు చదునే. బౌద్ధ భిక్షువులు రెండు వేల ఏళ్ళ క్రితం ఉన్న విహారాల పునాదులు, స్తూపాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. నేవీవాళ్ళు 1976లో విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడింది. కిందకి చూస్తే సముద్రం ఒంపు తిరిగి భీమిలి వైపు పోతూ కనిపిస్తుంది. బావికొండ అని ఇంకో బౌద్ధ స్థలం కూడా అక్కడికి దగ్గరే, ఓపికుంటే వెళ్ళండి.
కిందకి దిగాక మంగమారిపేట. సముద్రపు ఆటుపోట్లు చూసుకుని వెళ్ళండి. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డున రాతి తోరణం బయటపడుతుంది. దాని మీదకి ఎక్కి ఫొటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అలలు ఇప్పటికే దాన్ని తింటున్నాయి. బాబుకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.
తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, ఆ తర్వాత భీమిలి.

కంచరపాలెం_కుర్రోడు
రుషికొండ ఎందుకు వదిలేశావు వాసన్నా? 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్ అది. బట్టలు మార్చుకునే గదులు, బాత్రూమ్‌లు, లైఫ్‌గార్డులు అన్నీ ఉన్నాయి. పావని గారు అడిగింది అదే కదా. పిల్లాడు నీళ్ళలో ఆడాలంటే అక్కడే.

భీమిలి_వాసు
@కంచరపాలెం_కుర్రోడు ఆడుకోవడానికి అదే మంచిది, ఒప్పుకుంటా. జనం లేని తీరం కోసం ఆవిడ అడుగుతున్నారేమో అనుకున్నా.

తూరుపు_గాలి
ఎర్రమట్టి దిబ్బల గురించి నాలుగు మాటలు. అవి మామూలు మట్టి గుట్టలు కావు. మంచు యుగంలో సముద్రం బాగా వెనక్కి పోయినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి పోసింది. ఇసుకలో ఉన్న ఇనుము గాలికీ నీటికీ తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది. వాన నీళ్ళు కోసిన సందుల్లోకి దిగితే రెండు వైపులా నిలువుగా గోడలు, చేత్తో రాస్తే వేళ్ళకి గోరింటాకు పెట్టినంత ఎరుపు అంటుకుంటుంది. జాతీయ భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. అంత చేసినా జనం గోడల మీద పేర్లు చెక్కుతూనే ఉన్నారు. ఒక్క వానకి జారిపోయే గోడలవి, అంచుల మీద నిలబడొద్దు. సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి, వాలు ఎండలో రంగు చూడాలి.

పావని_మియాపూర్
ఇంత త్వరగా ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. భీమిలిలో ఏముంది? అక్కడ ఉండటం మంచిదా, విశాఖకి తిరిగి రావడం మంచిదా?

భీమిలి_వాసు
ఉండండి. పొద్దున్న ఆరింటికి ఒడ్డున పడవలు దిగే టైముకి మీరు అక్కడ ఉండాలంటే ఊళ్ళోనే పడుకోవాలి. చేపల వేలం చూడొచ్చు. డచ్చివాళ్ళ సమాధులు బీచ్ దగ్గరే, కోసుగా పైకి లేచిన ఇటుక గోపురాల్లా ఉంటాయి. గేటు తాళం వేసి ఉంటే చుట్టుపక్కల అడగండి, ఎవరో ఒకరు చెబుతారు. లైట్‌హౌస్, గడియార స్తంభం, గోస్తని సముద్రంలో కలిసేచోటు, అన్నీ నడిచి తిరిగేంత దగ్గర. 1861 నాటి మునిసిపాలిటీ మాది, పాత ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి.

బస్సు_ప్రయాణికుడు
కారు లేనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, విశాఖ నుంచి భీమిలికి 900కె బస్సు. బీచ్ రోడ్డు మీదే పోతుంది. కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి.

జాలరి_బిడ్డ
ఇందాకట్నుంచి చదువుతున్నాను, ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ఈ తీరంలో ఎక్కడపడితే అక్కడ నీళ్ళలోకి దిగకండి. మా ఊరి పక్క బీచ్‌కి పిక్నిక్ వచ్చిన కాలేజీ పిల్లల్ని ఒడ్డుకి మోసుకొచ్చింది మా వాళ్ళే. ఆ తల్లిదండ్రులు వచ్చి ఇసకలో కూలబడిపోవడం నేను చూశాను.
ఇక్కడ ఒడ్డు చాలాచోట్ల ఒక్కసారిగా లోతైపోతుంది. విరిగిన అల నీళ్ళు వెనక్కి పోడానికి ఒక దారి చేసుకుంటాయి. ఆ దారి దగ్గర అల విరగదు, నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. అటూ ఇటూ నురగ, మధ్యలో నున్నగా ఉన్న చోటు. తెలియనివాళ్ళు ఇక్కడ బాగుందనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. అది లోపలికి లాగేస్తుంది. దొరికిపోతే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదుకుంటూ ఆ లాగుడు నుంచి బయటపడి అప్పుడు ఒడ్డుకి రావాలి. చెయ్యెత్తి అరవాలి. ఈత వచ్చినవాళ్ళు కూడా ఎదురీది అలిసిపోయే పోతారు.

రైలుబండి_రాజు
అలాగని సముద్రం దాకా వెళ్ళి కాళ్ళు తడుపుకోకుండా వస్తారా? మోకాళ్ళ దాకా దిగితే ఏమీ కాదు. అందరూ దిగుతున్నారు.

జాలరి_బిడ్డ
అందరూ దిగుతున్నారనే ఇంకొకరు దిగుతారండీ. మోకాళ్ళ లోతులో నిలబడ్డ మనిషి కాళ్ళ కింద ఇసక ఒక్క పెద్ద అలకి జారిపోతుంది. ఏడేళ్ళ పిల్లాడికి మోకాళ్ళ లోతే నడుము లోతు. లైఫ్‌గార్డు ఉన్నచోట దిగండి, లేనిచోట ఒడ్డున కూర్చోండి. దీంట్లో నేను తగ్గను.

సిక్కోలు_చిన్నోడు
+1. ఊళ్ళో జాలర్లని అడగండి, ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగకూడదో వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు.

తాటిముంజ
జాలర్ల మాట వచ్చింది కాబట్టి, పావని గారూ, అదృష్టం ఉంటే అలివి వల లాగడం చూడండి. చింతపల్లి వైపు, ముక్కాం వైపు ఒడ్డున కనిపిస్తుంది. పడవ ఒకటి వలని అర్ధచంద్రంలా సముద్రంలో పరిచి వస్తుంది, రెండు తాళ్ళ కొసలు ఒడ్డున రెండు జట్ల చేతుల్లో ఉంటాయి. లాగుతూ లాగుతూ రెండు జట్లూ దగ్గరికి జరుగుతాయి. చివర్లో ఉన్న మనిషి తాడు వదిలి ముందుకి పరిగెత్తి మళ్ళీ నీళ్ళ దగ్గర పట్టుకుంటాడు, వెనక ఒక పిల్లాడు తాడుని చుట్టగా చుడుతుంటాడు. ఒక వల పూర్తిగా రావడానికి గంటలు పడుతుంది. వల సంచి ఇసక మీదకి రాగానే ఆడవాళ్ళు బుట్టలతో చుట్టూ చేరతారు. కవళ్ళు ఒక పక్క, కానాగంతలు ఒక పక్క, జెల్లీచేపల్ని చేత్తో ముట్టకుండా పక్కకి తోసేస్తారు. కొన్నిసార్లు అంత కష్టానికి రెండు బుట్టలు కూడా నిండవు, ఎవరూ ఏమీ మాట్లాడరు, వల దులుపుకుంటారు.
ఫొటో తీసేముందు అడగండి. అది వాళ్ళు పని చేసుకునే చోటు. తాడు పట్టుకుని ఒక చెయ్యి వేస్తే నవ్వుతారు, మీ బాబుకీ బాగుంటుంది.

జాలరి_బిడ్డ
@తాటిముంజ బాగా చెప్పారు. వేసవిలో వచ్చేవాళ్ళకి ఒక మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అప్పుడొచ్చి పడవలన్నీ ఖాళీగా ఉన్నాయేంటి అనుకోవద్దు.

టాక్సీ_మావయ్య
రెండో రోజు దారి చెబుతా. భీమిలి నుంచి తగరపువలస మీదుగా హైవే ఎక్కండి. పూసపాటిరేగ దగ్గర దిగి చింతపల్లి, అక్కడ లైట్‌హౌస్, నల్లటి బండలు. విజయనగరం జిల్లాకి తీరం మొత్తం రెండు మండలాలే, భోగాపురం, పూసపాటిరేగ, కాబట్టి ఒక్క పన్ను దిగితే చాలు. మళ్ళీ హైవే, మధ్యాహ్నానికి శ్రీకాకుళం, భోజనం, కాస్త నడుం వాల్చి సాయంత్రం అరసవల్లి. ఊరికి ఆనుకునే ఉంటుంది. రథసప్తమి నాడు తప్ప దర్శనం తేలికే.

సిక్కోలు_చిన్నోడు
మూడో రోజు నాకు వదిలేయండి మావయ్యా 🙂
గార మండలం ఒక్కటే పెట్టుకోండి. శ్రీకూర్మం, సాలిహుండం, కళింగపట్నం, మూడూ ఆ మండలంలోనే, మధ్యలో పెద్ద ఏరు దాటక్కర్లేదు. శ్రీకూర్మంలో స్వామి పడమర ముఖంగా ఉంటాడు, అందుకే రెండు ధ్వజస్తంభాలు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు ఉన్నాయి, చాలామంది తల వంచుకుని నడిచి వెళ్ళిపోతారు, మీరు ఆగి చూడండి. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి, బాబు అక్కణ్ణుంచి కదలడు.
తర్వాత సాలిహుండం. వంశధార దక్షిణ గట్టున కొండ, దాని మీద బౌద్ధ స్తూపాలు. వెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు, మన గిడుగు రామమూర్తి పంతులు గారు, 1919లో. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే. ఇక్కడ మాత్రం ఎక్కాలి, మీ నాన్నగారు కింద మ్యూజియం చూసుకుంటూ కూర్చోవచ్చు. పైనుంచి వంశధార ఇసక పాయలు పాయలుగా విడిపోయి సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది.
ఆఖర్న కళింగపట్నం. ఒకప్పటి రేవు, ఇప్పుడు లైట్‌హౌస్, బీచ్, ఏరు కలిసేచోటు. నాలుగింటికి చేరితే గంటన్నర హాయిగా కూర్చోవచ్చు.

పావని_మియాపూర్
మరి బారువ? నేను అసలు అనుకున్నదే అది. మా అత్తగారి అమ్మమ్మ వాళ్ళది సోంపేట, బారువ గురించి ఆవిడ ఎప్పుడూ చెబుతుంటారు. ఇంకో రోజు పెంచుకుంటే?

ఉద్దానం_వెంకీ
తప్పకుండా పెంచుకోండి. మా వైపు వస్తే తేడా మీకే తెలుస్తుంది. పలాస దాటాక రోడ్డు రెండు పక్కలా కొబ్బరి, జీడి, పనస. దీన్నే ఉద్దానం అంటారు. కానీ 2018 ముందు చూసినవాళ్ళు ఇప్పుడు చూస్తే గుర్తుపట్టరు. ఆ ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. తెల్లారాక తలుపు తీస్తే మా తోటలో నిలబడ్డ చెట్టు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా తాత నాటినవి, మా నాన్న నీళ్ళు పోసినవి, అన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఇప్పుడిప్పుడే కాయలు చూస్తున్నాం. మీరు దారిలో పొట్టి కొబ్బరి చెట్ల తోటలు చూస్తారు, ఎవరో కొత్తగా వేసుకున్న తోటలని అనుకోకండి.
బారువ దగ్గర మహేంద్రతనయ వచ్చి కలుస్తుంది. ఒడ్డు వెడల్పుగా, శుభ్రంగా ఉంటుంది, మామూలు రోజుల్లో జనం తక్కువ, ఆదివారం ఎక్కువ. పాత లైట్‌హౌస్ ఉంది. రైల్లో వచ్చేవాళ్ళు సోంపేటలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు.

తాబేలు_నేస్తం
బారువ అంటే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుర్తొస్తాయి. గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, పిల్లలు బయటికొచ్చేసరికి ఒకటిన్నర రెండు నెలలు పడుతుంది. అటవీ శాఖవాళ్ళు గుడ్లని సేకరించి హేచరీల్లో పొదిగించి తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు.

రైలుబండి_రాజు
డిసెంబరులో కూడా తాబేలు పిల్లలు కనిపిస్తాయని వీడియోలో చూశానే.

తాబేలు_నేస్తం
తేదీ లేని వీడియో అయ్యుంటుంది రాజు గారూ. పిల్లల్ని చూడాలంటే మార్చి, ఏప్రిల్. ఎప్పుడు వెళ్ళినా రాత్రిపూట ఒడ్డున టార్చి, ఫోన్ ఫ్లాష్ వెయ్యకండి. గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లి బెదిరి వెనక్కి పోతుంది, పిల్లలైతే సముద్రం మీది వెలుగు అనుకుని దీపాల వైపు పాక్కుంటూ వచ్చేస్తాయి. ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేళ్ళు కనిపిస్తే బాబు అడుగుతాడు, ఏం జరిగిందని. చాలావరకు ట్రాలర్ వలల్లో చిక్కుకుని పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక చనిపోయినవే.

పక్షుల_పిచ్చి
డిసెంబరుకి పక్షులు గ్యారంటీ. బారువ వెళ్ళే దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఆగండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి. పెరట్లో బట్టలారేసుకుంటున్నవాళ్ళ నెత్తిమీద అంత పెద్ద పక్షులు రెక్కలు విప్పి దిగుతుంటే వాళ్ళు తలెత్తను కూడా ఎత్తరు, అంత అలవాటు. పక్కనే నౌపడ ఉప్పు మడులు. తెల్లటి కుప్పలు వరసగా, నీళ్ళలో కొంగలు.

తూరుపు_గాలి
ఇన్ని చదివాక నాకు ఒక భయం. ఈ చర్చ చూసి రేపు వందమంది బయల్దేరతారు. రిసార్టులు వస్తాయి. భీమిలి రోడ్డు ఏమైందో చూశాం కదా.

ఉద్దానం_వెంకీ
@తూరుపు_గాలి మీ బాధ అర్థమైంది గానీ మా వైపు నుంచి కూడా చూడండి. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా మా మగవాళ్ళు వేటకి గుజరాత్‌లోని వీరావల్ పోతారు. 2018లో అలా పోయినవాళ్ళే పాకిస్తాన్‌కి దొరికిపోయి 2020 జనవరిలో ఇంటికొచ్చారు. ఊళ్ళో నలుగురు యాత్రికులు వచ్చి భోజనం చేస్తే, ఆటో ఎక్కితే, ఒక ఇంటికి ఆసరా. రావద్దని మాత్రం అనకండి.

తూరుపు_గాలి
రావద్దని అనలేదు వెంకీ. వచ్చి మీ ఊళ్ళో తింటే, ప్లాస్టిక్ వెనక్కి పట్టుకెళ్తే నాకూ సంతోషమే. బయటివాళ్ళు స్థలాలు కొని గోడలు కట్టి, మీ పడవలు లాగే దారి మూసేస్తేనే నా గొడవ.

జాలరి_బిడ్డ
ఆ దారి మాట నిజం. పడవ పెట్టుకోడానికి, వల ఆరేసుకోడానికి ఒడ్డు కావాలి. అది పోతే సముద్రం ఎదురుగా ఉన్నా మాకు లేనట్టే.

తాటిముంజ
తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. భీమిలి, కళింగపట్నం రెండుచోట్లా చిన్న హోటళ్ళలో ముందే చెబితే చేపల పులుసు చేసిపెడతారు. వంజరం, చందువ ఖరీదు. కానాగంతలు చవకగా వస్తాయి, వేపుడుకి అంతకంటే రుచి లేదు. పెద్దవాళ్ళకి ముళ్ళ భయం ఉంటే పండుగప్ప అడగండి. పలాసలో జీడిపప్పు కొంటే నంబరు చూసి కొనండి, డబ్ల్యూ 240 అంటే పెద్ద పలుకు, 320 అంటే కాస్త చిన్నది. నంబరు పెరిగేకొద్దీ పలుకు చిన్నదవుతుంది. ఇంట్లో పాయసానికి 320 చాలు. మందసలో కోవా తినకుండా రావద్దు.

పావని_మియాపూర్
నాలుగు రోజులకి మార్చేశాను. మొదటి రాత్రి భీమిలి, తర్వాత మూడు రాత్రులు శ్రీకాకుళం. నాలుగో రోజు తేలినీలాపురం, బారువ. అమ్మ శాకాహారి, ఒక్క చేప మాట కూడా పనికిరాదు 🙂 దారిలో బాత్రూమ్‌ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

టాక్సీ_మావయ్య
అమ్మగారికి శ్రీకాకుళంలో భోజనానికి లోటు లేదు. బాత్రూమ్‌ల సంగతి ఉన్నదున్నట్టు చెబుతా. రుషికొండ దాటితే బీచ్‌ల దగ్గర నమ్ముకోవద్దు. హైవే మీద పెద్ద పెట్రోలు బంకుల్లో బాగుంటాయి, ప్రతి పన్ను దిగేముందు ఒకసారి అక్కడ ఆగండి. మంచినీళ్ళ క్యాను ఒకటి డిక్కీలో పెట్టుకోండి, ఉప్పునీళ్ళ కాళ్ళు కడుక్కోడానికీ పనికొస్తుంది. పొద్దున్నపూట హైవే మీద మంచు ఉంటుంది, ఏడు దాటాకే బయల్దేరండి.

బస్సు_ప్రయాణికుడు
నేను జనవరిలో రైల్లో వెళ్దామనుకుంటున్నాను. పలాస ప్యాసింజర్‌లో నౌపడ దిగితే తేలినీలాపురానికి ఆటోలు దొరుకుతాయా వెంకీ?

ఉద్దానం_వెంకీ
దొరుకుతాయి. రానూ పోనూ కలిపి మాట్లాడుకోండి, తిరుగు బండి కోసం అక్కడ నిలబడితే చాలాసేపు పడుతుంది. ఎండెక్కకముందు వెళ్ళండి, ఆ తర్వాత పక్షులు మేతకి లేచిపోతాయి.